నేలను చదివే పోటీ
అంతర్జాతీయ భూగోళ ఒలింపియాడ్‌ను నిర్వహించే విధానం

భూగోళశాస్త్రం అనగానే చాలామందికి దేశాల పేర్లు, వాటి రాజధానులు, నదులు, పర్వతాలు జ్ఞాపకం వస్తాయి. పాఠశాలలో అవుట్‌లైన్ మ్యాపు మీద గోదావరి ఎక్కడ, వింధ్యపర్వతాలు ఎక్కడ అని గుర్తించి నాలుగు మార్కులు తెచ్చుకోవడంతో ఆ శాస్త్రంతో తమ సంబంధం తీరిపోయినదని భావించేవారు కూడా ఉన్నారు. శాస్త్రం అంత మాత్రమే అయితే దానిలో పోటీ పెట్టడం చాలా తేలిక. ఒక మంచి అట్లాసు, ఒక ప్రశ్నల పట్టిక, ఒక గడియారం ఉంటే చాలు.

అటువంటి పోటీలు జరగకపోలేదు. అమెరికాలోని నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ 1993లో లండన్‌లో ప్రారంభించిన ప్రపంచ పోటీ 2013 వరకు రెండేళ్ళకు ఒకసారి జరిగినది. దానిలో జ్ఞాపకశక్తికీ, చురుకుదనానికీ పెద్దపీట. అది కూడా ఉపయోగం లేనిది కాదు. పేర్లు తెలియనివాడు పటాన్ని చదవలేడు. కాని పేర్లు తెలిసినంత మాత్రాన నేల తెలిసినట్లు కాదు. ఒక ఊరు అక్కడే ఎందుకు వెలసినది? వర్షం ఒక కొండకు ఈవల కురిసి ఆవల ఎందుకు మానినది? ఏటిగట్టున ఇల్లు కట్టవచ్చునా, కూడదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడే భూగోళశాస్త్రం నేర్చినవాడు.

అతనిని పరీక్షించడం ఎట్లా? అందులోనూ నలభై దేశాల నుంచి వచ్చిన విద్యార్థులను ఒకే తూనికతో తూచడం ఎట్లా? గణితంలో ఈ చిక్కు తక్కువ. త్రిభుజం టోక్యోలోనైనా, తెనాలిలోనైనా త్రిభుజమే. భూగోళశాస్త్రంలో మాత్రం ప్రతి విద్యార్థీ తన నేలను వెంట తెచ్చుకుంటాడు. మంచును చూసి పెరిగినవాడు ఒకడు, ఋతుపవనాలకు ఎదురుచూచి పెరిగినవాడు మరొకడు. ఇద్దరికీ న్యాయమైన ప్రశ్న ఒక్కటి తయారు చేయడమే ఈ పోటీ నిర్వాహకుల అసలు పని. తక్కిన ఏర్పాట్లన్నీ దాని చుట్టూ తిరుగుతాయి.

ఒలింపియాడ్ పుట్టుక

విద్యార్థులకు అంతర్జాతీయ శాస్త్ర పోటీలు 1959లో రుమేనియాలో జరిగిన గణిత ఒలింపియాడ్‌తో మొదలైనవి. 1967లో భౌతికశాస్త్రం, 1968లో రసాయనశాస్త్రం ఆ బాట పట్టినవి. భూగోళశాస్త్రం వాటి సరసన చేరడానికి ఇంకా చాలా కాలం పట్టినది. పోలండు దేశం మాత్రం 1970ల దశకం నుంచీ తన విద్యార్థులకు జాతీయ భూగోళ ఒలింపియాడ్‌ను నడుపుతూ వచ్చినది.

1994లో ప్రాగ్ నగరంలో భూగోళ శాస్త్రజ్ఞుల సమావేశం జరిగినప్పుడు పోలండు, నెదర్లాండ్స్ దేశాల ప్రతినిధులు ఈ పోటీని అంతర్జాతీయ స్థాయిలో జరపాలని ఆలోచన చేశారు. ఫలితంగా 1996లో హేగ్ నగరంలో మొదటి ఒలింపియాడ్ జరిగినది. దానిలో పాల్గొన్నవి ఐదు దేశాలే: బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్, పోలండు, స్లొవీనియా. తన నేలలో సుమారు నాలుగోవంతు సముద్రమట్టానికి దిగువన ఉండగా, కట్టలు కట్టి, నీరు తోడి కాపాడుకుంటున్న దేశంలో ఈ పోటీ పుట్టడం ఉచితంగానే ఉన్నది.

ఈ పోటీకి పెద్దదిక్కు అంతర్జాతీయ భూగోళ సమాఖ్య. 1871లో ఆంట్వెర్ప్ నగరంలో మొదలైన భూగోళ మహాసభల సంప్రదాయం నుంచి ఈ సమాఖ్య 1922లో బ్రస్సెల్స్‌లో రూపొందినది. మన దేశానికీ ఈ సమాఖ్యతో పాత సంబంధమే ఉన్నది. మన జాతీయ అట్లాసు సంస్థకు ఆద్యుడైన ఆచార్య శివప్రసాద్ చటర్జీ 1964 నుంచి 1968 వరకు దీనికి అధ్యక్షులుగా ఉన్నారు. 1968లో ఈ మహాసభ న్యూఢిల్లీలోనే జరిగినది.

మొదట ఒలింపియాడ్ రెండేళ్ళకు ఒకసారి జరిగేది. లిస్బన్, సియోల్, డర్బన్, గ్డీనియా, బ్రిస్బేన్, కార్థేజ్, తైపే నగరాలు వరుసగా ఆతిథ్యమిచ్చినవి. 2012లో జర్మనీలోని కొలోన్ నగరం తర్వాత ఇది ఏటేటా జరిపే పోటీ అయినది. 2023లో ఇండొనేషియాలోని బాండుంగ్, 2024లో ఐర్లండులోని మేనూత్, 2025లో బాంకాక్ నగరాలలో జరిగినది. ఐదు దేశాలతో మొదలైన పోటీకి ఇప్పుడు 40కి పైబడి దేశాలు తమ జట్లను పంపుతున్నవి.

ఎవరు వస్తారు?

ఒక్కొక్క దేశం నుంచి నలుగురు విద్యార్థులు, వారితో ఇద్దరు నాయకులు వస్తారు. విద్యార్థుల వయస్సు 16 నుంచి 19 సంవత్సరాల లోపల ఉండాలి. వారు ఇంకా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినవారు కాకూడదు. నలుగురినీ ఎంపిక చేసే బాధ్యత ఆయా దేశాలదే. అందువల్ల అంతర్జాతీయ పోటీ నిజానికి ఎన్నో నెలల ముందే, వేలాది తరగతి గదులలో మొదలవుతుంది. ఒక దేశం జాతీయ పోటీని శ్రద్ధగా జరపకపోతే ఆ దేశపు జట్టు బలహీనంగా ఉండడమే కాదు, అసలు ప్రయోజనమైన భూగోళ బోధన కూడా అక్కడ బాగుపడదు.

ఒలింపియాడ్ ఆశయాలు మూడు. యువతీ యువకులలో భూగోళం, పరిసరాల అధ్యయనం పట్ల ఆసక్తి కలిగించడం మొదటిది. ఉన్నత పాఠశాలలలో ఈ శాస్త్రానికి తగిన స్థానం ఉండాలన్న వాదానికి బలం చేకూర్చడం రెండవది. వివిధ దేశాల యువజనుల మధ్య పరిచయాన్నీ, తద్వారా జాతుల మధ్య అవగాహననూ పెంచడం మూడవది. మూడవ ఆశయాన్ని మరచి నిర్వహిస్తే మిగిలేది కేవలం ఒక పరీక్ష. అందుకే పోటీ జరిగే వారంలో జట్లు తమ దేశ సమస్యలపై పోస్టర్లు ప్రదర్శిస్తాయి, కలిసి విహారయాత్రలు చేస్తాయి, ఒక సాయంత్రం తమ పాటలూ నాట్యాలూ ఇతరులకు చూపిస్తాయి.

పోటీ అంతా ఇంగ్లీషులో జరుగుతుంది. ఇది పాల్గొనేవారిలో అధిక సంఖ్యాకులకు మాతృభాష కాదు. వారు నిఘంటువు దగ్గర పెట్టుకోవచ్చు. అంతకంటె ముఖ్యమైన రక్షణ ప్రశ్న రాసేవారి చేతిలో ఉన్నది. పొడవైన వాక్యాలు, జాతీయాలు, ఒకే దేశంలో వాడే మాటలు లేకుండా ప్రశ్న రాయాలి. లేకపోతే పరీక్షించినది భూగోళ జ్ఞానాన్ని కాదు, భాషా జ్ఞానాన్ని అవుతుంది.

మూడు పరీక్షలు

ఒలింపియాడ్‌లో మూడు పరీక్షలు ఉంటాయి. వ్రాత పరీక్షకు నూటికి 40 పాళ్ళు, క్షేత్ర పరీక్షకు 40 పాళ్ళు, చిత్ర ప్రదర్శన పరీక్షకు 20 పాళ్ళు. చివరిదానిలో తెర మీద ఒక్కొక్క పటాన్నీ, ఛాయాచిత్రాన్నీ, గ్రాఫునూ చూపి, జవాబులు కూడా ఇచ్చి, సరైనదానిని ఎన్నుకోమంటారు. ప్రశ్నలు 40. ప్రతి ప్రశ్నకూ కొద్ది కాలమే ఉంటుంది. ఇక్కడ చూసిన వెంటనే గ్రహించగల శక్తికి పరీక్ష.

ప్రశ్నలు వచ్చే విషయాలు 12 శీర్షికల కింద విభజింపబడినవి. శీతోష్ణస్థితి, ప్రకృతి వైపరీత్యాలు, వనరులు, పర్యావరణం, భూస్వరూపాలు, వ్యవసాయం, జనాభా, ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి, నగరాలు, పర్యాటకం, సంస్కృతి ఇందులోనివి. వీటితోపాటు పటం చదవడం, ప్రశ్నించి శోధించడం, అంకెలను చిత్రాలుగా మార్చి చూపడం అనే నేర్పులు అవసరం.

వ్రాత పరీక్షలో ప్రశ్నలతోపాటు ఆధారాల పుస్తకం ఒకటి ఇస్తారు. పటాలు, పట్టికలు, ఛాయాచిత్రాలు దానిలో ఉంటాయి. ఇంటినేలను వెంట తెచ్చుకున్న విద్యార్థులకు సమన్యాయం చేసే మొదటి సాధనం ఈ పుస్తకమే. ఒక ఉదాహరణ చూద్దాం.

మహారాష్ట్రలో పడమటి కనుమల అంచున ఉన్న మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. కనుమలకు తూర్పున ఉన్న పూనా నగరంలో సుమారు 700 మిల్లీమీటర్లే. "ఈ రెండింటిలో ఎక్కువ వాన ఎక్కడ?" అని అడిగితే మన విద్యార్థి వెంటనే చెబుతాడు, పోలండు విద్యార్థి నోరు తెరవలేడు. ఇది న్యాయమైన ప్రశ్న కాదు. ఊళ్ళ పేర్లు తీసివేసి, సముద్రం నుంచి పీఠభూమి వరకు నేల ఎత్తుపల్లాలను చూపే కోత పటం ఇచ్చి, జూన్ నెలలో గాలి వీచే దిక్కును బాణంతో గుర్తించి, "ఏ చోట వాన తగ్గుతుంది? ఎందుకు? అక్కడ రైతు ఏ పంట వేయవచ్చు?" అని అడిగితే ఇద్దరికీ సమానమైన ప్రశ్న అవుతుంది. గాలి కొండ ఎక్కేటప్పుడు చల్లబడి తేమను విడుస్తుందనీ, దిగేటప్పుడు వేడెక్కి పొడిబారుతుందనీ తెలిసినవాడు వర్షచ్ఛాయా ప్రాంతాన్ని తానే కనుక్కుంటాడు. అతడు ఆ ఊరిని జన్మలో చూసి ఉండనక్కరలేదు.

ప్రశ్న తయారైన తర్వాత దానిని వేరొక ఖండానికి చెందిన ఉపాధ్యాయునికి చూపడం మంచిది. తన విద్యార్థికి అందులో ఏ మాట అడ్డు తగులుతుందో అతడే చెప్పగలడు.

క్షేత్ర పరీక్ష

ఒలింపియాడ్‌కు ప్రాణం క్షేత్ర పరీక్ష. దీనిని తయారు చేసే భారం ప్రధానంగా ఆతిథ్యమిచ్చే దేశానిది. విద్యార్థులను వారెరుగని ఒక వీధికో, ఏటిగట్టుకో, రేవుకో తీసుకువెళతారు. చేతిలో ఒక అట్టబల్ల, రంగు పెన్సిళ్ళు, ఒక ఖాళీ పటం. చుట్టూ చూసి, కొలిచి, ఆ పటాన్ని నింపాలి. తర్వాత, తాము చూసినదాని ఆధారంగా ఆ చోటికి సంబంధించిన ఒక సమస్యకు పరిష్కారం సూచించాలి. ఇక్కడ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. అది అందరి కళ్ళ ముందూ సమానంగా పరచి ఉన్నది.

ఆతిథ్య నగరాన్ని ఎన్నుకోవడంలోనే సగం ప్రశ్నాపత్రం తయారవుతుంది. బాండుంగ్ నగరాన్ని తీసుకుంటే అది సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, ఒకప్పుడు సరస్సు ఉండిన పళ్ళెం వంటి పల్లంలో ఉన్నది. చుట్టూ అగ్నిపర్వతాలు. ఉత్తరాన ఉన్న టంకుబాన్ పరాహు ఎత్తు 2,084 మీటర్లు. సారవంతమైన నేల, చల్లని గాలి జనాన్ని ఆకర్షిస్తాయి. పెరిగే జనం వాలు మీదికి పాకుతారు. బాంకాక్ అందుకు భిన్నం. చావో ఫ్రాయా నది డెల్టాలో, సముద్రమట్టానికి కొద్దిగానే ఎత్తున ఉన్న ఆ నగరం భూగర్భజలాన్ని అధికంగా తోడడం వల్ల కుంగుతూ వచ్చినది. 2011లో ఆ ప్రాంతాన్ని పెద్ద వరద ముంచినది. కృష్ణా, గోదావరి డెల్టాలలో నివసించేవారికి ఈ చిక్కులు కొత్తవి కావు.

అయితే మంచి స్థలమంటే సమస్య ఉన్న స్థలం మాత్రమే కాదు. 160 మంది నడిచేందుకు వీలుండాలి. వాహనాల రద్దీ, లోతైన నీరు, జారుడు గట్లు ప్రమాదకరం కాకూడదు. స్థలాన్ని చివరి దాకా గోప్యంగా ఉంచాలి. వాన వస్తే మరొక స్థలం సిద్ధంగా ఉండాలి. నీడ, మంచినీరు, వైద్యుడు అందుబాటులో ఉండాలి. అక్కడ నివసించే జనానికి ముందుగా చెప్పి వారి సమ్మతి తీసుకోవాలి. వారి వీధి పరీక్షశాల అవుతున్నదని వారికి తెలియడం మర్యాద మాత్రమే కాదు. చెప్పకపోతే అనుమానాలు కలుగుతాయి, గుమిగూడడంతో పరీక్ష చెడుతుంది.

ఇక ఖాళీ పటం. దాని స్కేలును నిర్ణయించడానికి చిన్న లెక్క చాలు. పరిశీలించే స్థలం 500 మీటర్ల పొడవు, 400 మీటర్ల వెడల్పు అనుకుందాం. స్కేలు 1:5,000 అయితే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 50 మీటర్లకు సమానం. పటం 10 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. 10 మీటర్ల వెడల్పున్న ఇల్లు 2 మిల్లీమీటర్ల గడి అవుతుంది. దానిలో రంగు నింపడం కష్టం. 1:1,000 స్కేలు తీసుకుంటే పటం 50 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు అవుతుంది. గాలిలో నిలబడి చేత పట్టుకోవడం సాధ్యం కాదు. 1:2,500 స్కేలులో పటం 20 సెంటీమీటర్లు, 16 సెంటీమీటర్లు. ఇల్లు 4 మిల్లీమీటర్లు. ఇది మామూలు ఏ4 కాగితంలో ఇముడుతుంది, పెన్సిలుకూ చాలినంత చోటు ఉంటుంది. పోటీ విజయం ఇటువంటి చిన్న లెక్కల మీద ఆధారపడి ఉంటుంది.

కాలం గురించి కూడా ఇట్లాగే ఆలోచించాలి. 160 మందిని 20 మంది చొప్పున 8 గుంపులు చేసి, పదేసి నిమిషాల ఎడంతో పంపితే మొదటి గుంపుకూ చివరి గుంపుకూ 70 నిమిషాల తేడా వస్తుంది. మొదటి గుంపు ఉదయం 8 గంటలకు సంతను చూస్తే, చివరి గుంపు 9 గంటల 10 నిమిషాలకు చూస్తుంది. అప్పటికి బండ్ల సంఖ్య మారుతుంది, జనం మారుతారు, నీడలు కూడా మారుతాయి. కనుక అందరికీ ఒకేలా ఉండేవాటిని, అంటే కట్టడాల ఉపయోగం, అంతస్తులు, నేల వాలు, మురుగుకాలువలు, చెట్లు వంటివాటిని నడుస్తూ గుర్తించమనాలి. కదిలేవాటిని లెక్కించవలసి వస్తే అన్ని గుంపులనూ ఒకే గంటకు వేరువేరు మూలల నిలబెట్టాలి, లేదా అందరికీ ఒకే లెక్కను ఇచ్చివేయాలి.

పటాన్ని నింపడంలో విద్యార్థి తెలివి బయటపడుతుంది. ప్రతి దుకాణం పేరూ రాసుకుంటూ పోయేవాడు సగం వీధి కూడా పూర్తి చేయలేడు. నివాసం, వ్యాపారం, కార్యాలయం, ఖాళీస్థలం అని కొద్ది తరగతులు ఏర్పరచుకుని, ఒక్కొక్కదానికి ఒక రంగు కేటాయించి, పటం మూల సంజ్ఞల సూచిక రాసేవాడు వీధి మొత్తాన్ని చూపగలుగుతాడు. అందులోనే వ్యాపారం కూడలి దగ్గర గుమికూడి లోపలి సందులలో పలచబడడం వంటి క్రమం దానంతట అదే కనిపిస్తుంది.

రెండవ భాగంలో అభిప్రాయం అడుగుతారు. రోడ్డు వెడల్పు చేయాలా, కాలిబాట వేయాలా? ఇక్కడ రెండు జవాబులకూ మార్కులు రావచ్చు. మార్కులు అభిప్రాయానికి కాదు, దానికి చూపిన ఆధారానికి. తన పటంలో లేని విషయాన్ని కారణంగా చెప్పినవాడు ఎంత అందంగా రాసినా వెనుకబడతాడు.

సరిహద్దులూ పేర్లూ

గణిత ఒలింపియాడ్‌కు లేని మరొక చిక్కు ఈ పోటీకి ఉన్నది. ప్రపంచ పటం మీద కొన్ని సరిహద్దులు వివాదంలో ఉన్నవి. కొన్ని సముద్రాలకు రెండు పేర్లు ఉన్నవి. ఒక దేశపు పాఠ్యపుస్తకంలోని గీత పొరుగుదేశపు పుస్తకంలో మరొకచోట ఉంటుంది. మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నమైన సరిహద్దులతో భారతదేశ పటం ప్రచురించడం చట్టవిరుద్ధం. ఇతర దేశాలకూ ఇటువంటి పట్టింపులు ఉన్నవి. ఒక ప్రశ్నాపత్రంలోని అజాగ్రత్త పటం ఒక జట్టును నొప్పించి, వారం రోజుల స్నేహాన్ని చెడగొట్టగలదు.

అందువల్ల జాగ్రత్త గల నిర్వాహకులు ప్రశ్నకు అవసరం లేని సరిహద్దులను పటం నుంచి తొలగిస్తారు. వర్షపాతం గురించి అడిగే పటానికి కొండలూ గాలులూ చాలు. నదీపరీవాహ ప్రాంతం గురించి అడిగితే నీరు పారే హద్దులే గీయాలి. ఇది సమస్యను దాచడం కాదు. ప్రశ్నకు పనికివచ్చినదానిని ఉంచి తక్కినదానిని వదలడమే పటం గీసే శాస్త్రంలో మొదటి సూత్రం.

మార్కులు వేయడం

160 మంది రాసిన కాగితాలను రెండు మూడు రోజులలో దిద్దాలి. ఒక పరీక్షకుడు ఒక దేశపు కాగితాలన్నీ దిద్దితే అతని ఉదారత లేదా కాఠిన్యం ఆ దేశానికే తగులుతుంది. ఒక ప్రశ్నకు వచ్చిన 160 జవాబులనూ ఒకే బృందం దిద్దితే ఆ దోషం అందరికీ సమానంగా పంచబడుతుంది. ముందుగా కొన్ని కాగితాలను ఇద్దరు విడివిడిగా దిద్ది, తేడా ఎక్కువగా వస్తే మార్కుల పద్ధతిని సరిచేసుకోవాలి.

పాళ్ళ విషయంలో ఒక సూక్ష్మం ఉన్నది. వ్రాత పరీక్షలో అందరికీ 45 నుంచి 55 లోపల మార్కులు వచ్చినవనీ, క్షేత్ర పరీక్షలో 10 నుంచి 90 వరకు వచ్చినవనీ అనుకుందాం. రెండింటికీ 40 పాళ్ళే కనుక సమానమేనని తోస్తుంది. కాని వ్రాత పరీక్ష వల్ల ఇద్దరు విద్యార్థుల మధ్య ఏర్పడగల గరిష్ఠ భేదం 10లో 40 పాళ్ళు, అంటే 4 మార్కులు. క్షేత్ర పరీక్ష వల్ల ఏర్పడగలది 80లో 40 పాళ్ళు, అంటే 32 మార్కులు. ఫలితాన్ని నిర్ణయించేది క్షేత్ర పరీక్ష ఒక్కటే అవుతుంది. వ్రాత పరీక్ష పేరుకే మిగులుతుంది.

దీనికి గణాంకశాస్త్రంలో విరుగుడు ఉన్నది. ప్రతి మార్కు నుంచి సగటును తీసివేసి, శేషాన్ని ప్రమాణ విచలనంతో భాగించాలి. ప్రమాణ విచలనమంటే మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంతగా చెదిరి ఉన్నాయో తెలిపే కొలత. వ్రాత పరీక్షలో సగటు 50, విచలనం 2.5 అయితే 55 తెచ్చుకున్నవాని స్థానం 2 అవుతుంది. క్షేత్ర పరీక్షలో సగటు 50, విచలనం 20 అయితే 90 తెచ్చుకున్నవాని స్థానం కూడా 2 అవుతుంది. ఇద్దరూ తమ తమ పరీక్షలలో సమానంగానే రాణించినట్లు లెక్క. ఇన్ని తరగతుల పరీక్షలను కలిపి ఒకే జాబితా తయారు చేసే ఏ నిర్వాహకుడైనా ఈ విషయాన్ని మరువరాదు.

పతకాలు వ్యక్తులకు ఇస్తారు. పాల్గొన్నవారిలో సగం మందికి 1:2:3 నిష్పత్తిలో స్వర్ణ, రజత, కాంస్య పతకాలు లభిస్తాయి. 160 మంది వస్తే 80 మందికి పతకాలు; వాటిలో సుమారు 13 స్వర్ణం, 27 రజతం, 40 కాంస్యం. ఒక్కనిని గెలిపించి మిగిలినవారిని ఓడించడం ఉద్దేశం కాదని ఈ పద్ధతే చెబుతుంది.

దూరమూ గడియారమూ

2020లో ఇస్తాంబుల్‌లో జరగవలసిన ఒలింపియాడ్ కోవిడ్ వ్యాధి వల్ల ఆగిపోయినది. 2021లో దానిని ఇంటర్నెట్ ద్వారా జరిపినారు. 2022లో పారిస్ ఆతిథ్యమిచ్చిన పోటీ కూడా అదే విధంగా జరిగినది. విద్యార్థులు తమ దేశాలలోనే ఉండిపోయినారు.

అప్పుడు నిర్వాహకులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న శుద్ధ భూగోళ ప్రశ్నే. ఇస్తాంబుల్‌లో మధ్యాహ్నం 12 గంటలైనప్పుడు హైదరాబాదులో 2 గంటల 30 నిమిషాలు. టోక్యోలో సాయంత్రం 6 గంటలు. ఆగస్టు నెలలో న్యూయార్కులో తెల్లవారుజామున 5 గంటలు, న్యూజిలాండులో రాత్రి 9 గంటలు. అందరూ ఒకేసారి రాస్తే కొందరు నిద్రమత్తులో రాస్తారు. ఎవరికి వీలైన గంటకు వారు రాస్తే ముందు రాసినవారి నుంచి ప్రశ్నలు బయటికి పొక్కుతాయి. భూమి తిరుగుతున్నంత కాలం ఈ రెండు చిక్కులలో ఏదో ఒకదానిని భరించక తప్పదు.

అంతకంటె పెద్ద నష్టం మరొకటి. తెర మీద చూసే వీధికి వాసన లేదు, వాలు లేదు. కెమెరా ఎటు తిరిగితే అటే చూడాలి. ఏది చూడదగినదో తానే నిర్ణయించుకోవడం క్షేత్ర పరీక్షలో మొదటి మెట్టు. 2023లో విద్యార్థులు తిరిగి బాండుంగ్‌లో కలుసుకున్నప్పుడు ఆ అవకాశం మళ్ళీ వారికి దొరికినది.

మన ఊళ్ళలో

మన దేశానికి ఇటువంటి పోటీల నిర్వహణ కొత్త కాదు. గణిత ఒలింపియాడ్ 1996లో ముంబయిలో జరిగినది. భూగోళానికి సన్నిహితమైన అంతర్జాతీయ భూవిజ్ఞాన ఒలింపియాడ్‌కు 2013లో మైసూరు ఆతిథ్యమిచ్చినది. క్షేత్ర పరిశీలనకు పూర్వం ఒక ఆటంకం ఉండేది. పెద్ద స్కేలు పటాలు సామాన్యులకు సులభంగా దొరికేవి కావు. 2005 నాటి జాతీయ పటాల విధానం పౌరుల ఉపయోగానికి ప్రత్యేక పటాల శ్రేణిని ఏర్పరచినది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన మార్గదర్శకాలు పటాల తయారీపై ఉన్న ఆంక్షలను చాలావరకు సడలించినవి. ఇప్పుడు కొరత పటాలది కాదు, వాటిని చేతబట్టుకుని బయటికి నడిచే అలవాటుది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలలలో పదవ తరగతి వరకు భూగోళం సాంఘికశాస్త్రంలో ఒక భాగం. ఆ కొద్ది చోటులో పేర్లు వల్లించడమే ఎక్కువగా జరిగితే, విద్యార్థికి తన ఊరి నేల కూడా పరాయిదిగానే ఉండిపోతుంది. దానిని సరిచేయడానికి అంతర్జాతీయ పోటీ దాకా వేచి ఉండనక్కరలేదు. అదే పద్ధతిని ఒక మండలంలోని నాలుగైదు పాఠశాలలు ఒక చెరువు దగ్గర అమలు జరపవచ్చు.

ఆతిథ్యమిచ్చే పాఠశాల తన ఊరి చెరువు పటం తయారు చేస్తుంది. కట్ట పొడవు 500 మీటర్లయితే 1:2,500 స్కేలులో అది 20 సెంటీమీటర్ల గీత. వచ్చిన విద్యార్థులు కట్ట వెంట నడిచి తూములు ఎక్కడ ఉన్నవి, అలుగు ఎటు పారుతుంది, ఆయకట్టులో ఏ పంటలు ఉన్నవి, శిఖం భూమిలో కొత్త కట్టడాలు ఏవి అని పటంలో గుర్తిస్తారు. తర్వాత ఒక ప్రశ్న: "ఒక రాత్రి పెద్ద వాన కురిసి అలుగు పొంగితే నీరు ముందుగా ఎవరి ఇంటికి చేరుతుంది? ఎందుకు అట్లా అనుకుంటున్నారు?" ఆ ఊరి పిల్లలకు జవాబు ముందే తెలుసు కనుక వారు ఆ ఏడు పోటీలో పాల్గొనరు, అతిథులకు దారి చూపుతారు. మరుసటి ఏడు పోటీ పొరుగూరి చెరువు దగ్గర జరుగుతుంది.

ఖర్చు కాగితాలకూ పెన్సిళ్ళకూ మజ్జిగకూ మించదు. మార్కుల జాబితా కట్టిన తర్వాత ఆ పటాలను దాచిపెట్టక గ్రామ పంచాయతీకి ఇవ్వాలి. పదేళ్ళు వరుసగా గీసిన పటాలను పక్కపక్కన పెట్టి చూస్తే చెరువు ఎంత కుంచించుకుపోయినదో ఎవరూ వివరించనక్కరలేకుండానే తెలుస్తుంది. విద్యార్థులకు భూగోళ పోటీ ఎందుకని అడిగేవారికి ఆ పటాలే సమాధానం చెబుతాయి.